నడకా, జిమ్మా? కొవ్వు దేనితో తగ్గుతుంది?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. తిరుపతిలో బట్టల షాపు ఉంది. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు. బీపీకి మాత్ర వాడుతున్నాను. మూడు నెలలుగా పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండ్‌లో 45 నిమిషాలు నడుస్తున్నా 2 కిలోలే తగ్గాను. ప్యాంటు మాత్రం నడుము దగ్గర వదులైంది. నడకతో లాభం లేదు, జిమ్‌లో బరువులెత్తమని ఒకరు, వారానికోసారి అలిపిరి మెట్లెక్కమని ఇంకొకరు అంటున్నారు. పొట్ట కోసం సిటప్స్ చేస్తున్నాను. ఏది చేస్తే కొవ్వు కరుగుతుంది?

సమాధానం: దయచేసి నడక ఆపకండి. ప్యాంటు వదులైందన్నారే, మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట అదే. పొట్ట లోపల కాలేయం, పేగుల చుట్టూ పేరుకునే కొవ్వే షుగర్‌కూ గుండెజబ్బుకూ ఎక్కువగా దారితీస్తుంది. వేగంగా నడవడం, సైకిల్ తొక్కడం, ఈత లాంటి వ్యాయామాలకు ఈ కొవ్వు బాగా తగ్గుతుంది. ఒక్కోసారి కాటాలో ముల్లు కదలకపోయినా తగ్గుతుంది. అందుకే టేపుతో కూడా కొలుచుకోండి. మన దేశంలో మగవాళ్లకు నడుము 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.

2 కిలోలు తక్కువేమీ కాదు. మీ బరువుకు 45 నిమిషాల నడకలో అదనంగా ఖర్చయ్యేది సుమారు 250 కేలరీలు. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కావాలి. మూడు నెలలు రోజూ నడిచినా ఈ లెక్కన మూడు కిలోలలోపే వస్తుంది. ఇంకా తగ్గాలంటే తిండిలోనూ మార్పు రావాలి. రాత్రి అన్నం, సంగటి కొంచెం తగ్గించి పప్పు, కూరలు పెంచండి. షాపులో టీలతో పాటు వెళ్లే చక్కెరను కూడా లెక్కలోకి తీసుకోండి.

జిమ్‌కు వెళ్లమన్న మీ మిత్రుడి మాటలోనూ నిజం ఉంది. బరువులెత్తితే కొవ్వు నడకతో తగ్గినంతగా తగ్గదు గానీ, కండ నిలుస్తుంది. తిండి తగ్గించి బరువు తగ్గేవాళ్లకు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. దాన్ని కాపాడేది ఈ వ్యాయామమే. వారానికి రెండు రోజులు చాలు, జిమ్ తప్పనిసరి కాదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు పెట్టి పుషప్స్‌తో మొదలుపెట్టండి. బీపీ ఉంది కాబట్టి ఊపిరి బిగబట్టి బరువులెత్తకండి.

సిటప్స్‌తో పొట్ట కండరం గట్టిపడుతుందే తప్ప, దాని మీది కొవ్వు ప్రత్యేకంగా కరగదు. ఏ చోట కొవ్వు ముందు పోవాలన్నది మన చేతిలో లేదు.

ఇక అలిపిరి. అక్కడ 3,550 మెట్లున్నాయి. స్వామి దర్శనానికి నిదానంగా, ఆగి ఆగి ఎక్కండి, మంచిదే. కొవ్వు తగ్గడానికి మాత్రం వారానికోసారి ఆయాసపడటం కంటే రోజూ నడవడమే మేలు. ఈ బరువుతో మెట్లు దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం ఎక్కువ పడుతుంది కాబట్టి, వచ్చేటప్పుడు బస్సులో రండి.

ఇప్పుడున్న నడకలోనే మధ్యమధ్య ఒక నిమిషం వేగం పెంచండి. మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం ఉండాలి. అంతకుమించి పరుగులు, గట్టి వ్యాయామాలు మొదలుపెట్టే ముందు మీ డాక్టరుకు చూపించుకుని, షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ పరీక్షల గురించి అడగండి. నడుస్తుండగా ఛాతీ బరువెక్కినా, ఎడమ చేయి లాగినా, కళ్లు తిరిగినా వెంటనే ఆగిపోండి. గ్యాస్ అనుకుని ఇంటికి వెళ్లి పడుకోవద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.