సమాధానం: మిల్లులొచ్చినా మగ్గం ఎందుకు ఆగలేదు?

అన్నా, మిల్లులొచ్చి చేనేత పోయిందని పాప ప్రాజెక్టులో రాస్తే, మీ ఎమ్మిగనూరు ఇంట్లో మగ్గం ఇంకా ఎలా ఆడుతోందని అడిగారు కదా. ముందు పోయింది నేత కాదు, రాట్నం. అదే రాయించండి.

ఒక మగ్గానికి సరిపడా నూలు కావాలంటే నలుగురైదుగురు వడకాలి. ఇంగ్లండులోనైనా మన దగ్గరైనా ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే. 1733లో ఇంగ్లండులో జాన్ కే తెచ్చిన ఎగిరే నాడెతో (అడ్డపోగు తీసుకెళ్లే నాడెను చేత్తో అందించకుండా తాడు లాగి విసిరే ఏర్పాటు) నేత వేగం పెరిగింది, నూలుకు కటకట వచ్చింది. ఆ తర్వాతే నూలు వడికే యంత్రాలు వచ్చాయి: 1764 ప్రాంతంలో హార్‌గ్రీవ్స్ జెన్నీ, 1769లో ఆర్క్‌రైట్ యంత్రం. ఆ మిల్లు నూలు చవగ్గా మన దాకా వచ్చేసరికి ఇంట్లో వడికే ఆడవాళ్ల సంపాదన పోయింది. నేతగాళ్లు మాత్రం అదే నూలు కొని మగ్గం నడిపారు. మిల్లు గుడ్డ దెబ్బ వాళ్లకూ గట్టిగానే తగిలిందనుకోండి.

ఇక మగ్గం మీద ఇంట్లో ఎవరు ఏ పని చేస్తున్నారో రాయడానికి పుస్తకాలెందుకు? నాడెలో పెట్టే నూలు కండెలు ఎవరు చుడుతున్నారు, తెగిన పోగులు ఎవరు అతుకుతున్నారు, కూలి ఎవరి పేరున రాస్తున్నారు అని అవ్వనే అడగమనండి. నన్నడిగితే మార్కులన్నీ ఆ మూడో ప్రశ్నకే పడాలి.

1938లో మీ ఎమ్మిగనూరులోనే మాచాని సోమప్ప గారు పెట్టిన చేనేత సహకార సంఘం గురించి ఒక లైన్ వేయండి. చార్టులో 1785 నాటి కార్ట్‌రైట్ మరమగ్గాన్ని జెన్నీ తర్వాతే పెట్టించండి, ముందు పెడితే కథ తలకిందులవుతుంది.