రాజీ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టాలా?

ప్రశ్న: మా ఆయన తాపీమేస్త్రీ, వయసు 38. రెండు నెలల క్రితం జాతీయ రహదారి మీద లారీ ఢీకొని తొడ ఎముక విరిగితే రాడ్డు వేశారు. బీమా కంపెనీ తరఫున వచ్చానంటూ ఒకాయన రెండు లక్షలకు రాజీపడి సంతకం పెట్టమంటున్నారు. డ్రైవరుకు లైసెన్సు లేదు కాబట్టి కోర్టుకు వెళ్లినా ఏమీ రాదంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, పూసపాటిరేగ

జవాబు: అమ్మా, ఆ కాగితం మీద ఇప్పుడు సంతకం పెట్టకండి. రాజీపడటం తప్పు కాదు. కంపెనీ ఇవ్వజూపిన మొత్తానికి మీరు ఒప్పుకుంటే ఆ ఒప్పందాన్ని మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్ ఎదుట నమోదు చేయించే పద్ధతి చట్టంలోనే ఉంది. అయితే కాలు ఎంతవరకు కోలుకుంటుందో తేలకముందే నష్టానికి వెల కట్టడం మీకు అన్యాయం.

లైసెన్సు మాటకు భయపడకండి. ప్రమాదం నాటికి లారీకి బీమా అమలులో ఉంటే, సాధారణంగా కంపెనీ ముందు బాధితుడికి చెల్లించి, తరువాత యజమాని నుంచి రాబట్టుకోవాలని ట్రిబ్యునళ్లు ఆదేశిస్తాయి.

వైద్యుల బోర్డు కాలికి ఎంత శాతం వైకల్యమని రాస్తుందో అదే సంపాదనలో నష్టం కాదని 2010లో సుప్రీంకోర్టు రాజ్‌కుమార్ కేసులో స్పష్టం చేసింది. కుర్చీలో కూర్చుని పనిచేసే వారికి, పరంజా ఎక్కి గోడ కట్టే మేస్త్రీకి ఒకే గాయం ఒకే నష్టం కాదు కదా! మీవారి సంపాదన నెలకు 15,000 రూపాయలనుకుందాం. 38 ఏళ్ల వయసుకు గుణకం, అంటే ఏడాది సంపాదనను ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె, 15 కాబట్టి, పని సామర్థ్యం సగం పోయిందని ట్రిబ్యునల్ నమ్మితే ఆ ఒక్క పద్దు కిందే 13,50,000 రూపాయలవుతుంది. వైద్యఖర్చులు, బాధకు పరిహారం దీనికి అదనం. రెండు లక్షలను దీని పక్కన పెట్టి చూడండి.

ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలని 2022 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న మోటారు వాహనాల చట్ట సవరణ చెబుతోంది కనుక మీకు నాలుగు నెలలే ఉన్నాయి. ప్రమాదం ఏ జిల్లాలో జరిగినా, మీ నివాసాన్ని బట్టి విజయనగరంలోనే వేయవచ్చు. వకీలు ఖర్చు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించండి. ఎఫ్ఐఆర్ నకలు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, మందుల బిల్లులతో పాటు మేస్త్రీగారు కూలి లెక్కలు రాసుకున్న చిన్న నోటుపుస్తకం ఉంటే తప్పక వెంట తీసుకువెళ్లండి. జీతం చీటీ లేని మనిషి సంపాదనకు అదే గట్టి సాక్ష్యం.