రొయ్యల ప్లాంట్‌లో పని పోయిన మాజీ సైనికుడికి ప్రభుత్వ ఉద్యోగం వస్తుందా?

చెల్లెమ్మా, మీవారు 17 ఏళ్లు ఆర్మీలో చేసి హవల్దారుగా వచ్చారని, భీమవరం దగ్గర రొయ్యల ప్లాంట్‌లో సెక్యూరిటీ సూపర్‌వైజర్ పని ఇప్పుడు పోయిందని రాశారు. ఇంటర్ చదువుతో, 39 ఏళ్ల వయసులో ఇంకేం వస్తుందని అడిగారు. వస్తుంది. నేనూ ఆ దారిలోనే వచ్చాను.

ప్లాంట్ వాళ్లు మళ్లీ పిలుస్తారని మాత్రం కూర్చోవద్దు. మన రొయ్యను ఎక్కువగా కొనేది అమెరికా. 2025 ఆగస్టు 27 నుంచి వాళ్లు సుంకం 50 శాతం చేసినప్పుడు మన చెరువుల దగ్గర ఎంత టెన్షన్ పడ్డామో మీకు తెలుసు. ఆర్డర్లు తగ్గితే ముందు ఒక షిఫ్టు ఆపుతారు, రొయ్యల పొట్టు తీసే పీలింగ్ షెడ్డులో ఆడవాళ్లను రావద్దంటారు, ఆ తర్వాత గేటు దగ్గరి మనుషుల వంతు. కొన్నేళ్ల క్రితం నాకూ అలాగే ఒక్క ఫోన్‌తో పని పోయింది.

అంతకన్నా పెద్ద నష్టం నేను చేజేతులా చేసుకున్నాను. పెన్షన్ వస్తోంది, ఊళ్లోనే పని దొరికింది, ఇంకేం కావాలి అనుకుని నాలుగేళ్లు ఏలూరు సైనిక సంక్షేమ కార్యాలయం గడప తొక్కలేదు. బ్యాంకుల్లో ఆర్మ్‌డ్ గార్డు పోస్టులు పడ్డప్పుడు చాలాసార్లు ఆ ఆఫీసు జాబితా నుంచే పేర్లు అడుగుతారు. నాతోపాటు డిశ్చార్జ్ అయిన స్నేహితుడు అలా చేరిపోయాడు. నా పేరు అసలు జాబితాలోనే లేదు. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ మర్చిపోలేను. తర్వాత నమోదు చేయించుకుని, మూడేళ్లకు నేనూ బ్యాంకు గార్డు పనిలో చేరాను. అందుకే చెబుతున్నాను, ఈ వారంలోనే వెళ్లమనండి. డిశ్చార్జ్ బుక్, పీపీఓ (పెన్షన్ మంజూరు కాగితం), ఎక్స్‌సర్వీస్‌మెన్ కార్డు, చదువు సర్టిఫికెట్లు, ఆధార్ తీసుకెళ్లమనండి. నమోదు రెన్యువల్ తేదీ అడిగి రాసుకోమనండి.

ప్లాంట్‌లో చేశారు కాబట్టి ప్రభుత్వ ఉద్యోగాల్లో మాజీ సైనికుల కోటా పోయిందని ఎవరో అన్నారని రాశారు. అది తప్పు. ప్రైవేటు పని చేసినంత మాత్రాన కోటా పోదు.

వయసు గురించి కూడా దిగులు వద్దు. 39లోంచి సర్వీసు 17 తీసేస్తే 22. అలా వచ్చిన వయసు పోస్టు గరిష్ట వయసును మూడేళ్లకు మించి దాటకపోతే సరిపోతుంది. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి (గుమాస్తా స్థాయి) పోస్టుల్లో 10 శాతం, ప్రభుత్వ బ్యాంకుల క్లర్కు పోస్టుల్లో 14.5 శాతం మనకు ఉంటాయి. మన రాష్ట్ర ఉద్యోగాల్లో 2 శాతమే.

నన్నడిగితే బ్యాంకు క్లర్కు పరీక్షకే గట్టిగా చదవమంటాను. డిగ్రీ లేదని వదిలేయొద్దు. 15 ఏళ్ల సర్వీసు నిండి, ఆర్మీ స్పెషల్ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషన్ ఉంటే పదో తరగతి పాసైనవాళ్లూ రాయొచ్చు. ఆ సర్టిఫికెట్ ఆయన కాగితాల్లో ఉందేమో ఇవాళే చూడండి. కంప్యూటర్ మాత్రం నేర్చుకోవాలి.

ఒక్క జాగ్రత్త. ఈ కోటాలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో ఒకసారి చేరితే, రెండో ఉద్యోగానికి కోటా వర్తించదు. అయితే అంతకుముందే వేరే వాటికి దరఖాస్తు పెట్టి ఉంటే, చేరగానే ఆ వివరాలన్నీ తేదీలతో సహా ఆఫీసులో రాసివ్వాలి. అలా ఇస్తే వాటికి కోటా నిలుస్తుంది. కాబట్టి పెట్టే ప్రతి దరఖాస్తు తేదీ ఒక నోట్‌బుక్‌లో రాస్తూ ఉండండి.

ఏలూరు ఒక్కరే వెళ్లడానికి మొహమాటపడితే చెప్పండి, నాకు సెలవున్న రోజు నేనూ వస్తాను.