ట్రయల్ అంటే ఖర్చంతా వాళ్లదేనా?

ప్రశ్న: మా పాపకు రెండేళ్లు. కాలేయంలో హెపటోబ్లాస్టోమా అనే క్యాన్సర్ ఉందని తేలింది. సైడ్ ఎఫెక్ట్స్ తగ్గించే చికిత్స మీద క్లినికల్ ట్రయల్ జరుగుతోందని, చేరుస్తారా అని డాక్టర్లు అడిగారు. ట్రయల్ కాబట్టి మనకు ఖర్చుండదని బంధువులు అంటున్నారు. అలాగైతే ఎఫ్‌డీల్లో దాచిన డబ్బుతో అనుకున్నట్టే ఇల్లు కొనేయవచ్చా? పాపను చూసుకోవడానికి నేను ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను.

జవాబు: పాప పూర్తిగా కోలుకోవాలని మనసారా కోరుకుంటున్నానమ్మా. ఇల్లు మాత్రం ఇప్పుడు కొనకండి. కనీసం రెండేళ్లు ఆ ఆలోచన పక్కన పెట్టండి.

ట్రయల్‌లో చేర్చాలా వద్దా అన్నది డబ్బు చూసి తేల్చుకోవద్దు. అది డాక్టర్లతో మాట్లాడి తీసుకోవలసిన నిర్ణయం. అయితే ఈ పరిశోధనలు దేనికోసమో తెలిస్తే మీ డబ్బు ఎప్పుడు అవసరమవుతుందో తెలుస్తుంది. ఈ క్యాన్సర్‌కు ముఖ్యమైన కీమో మందు సిస్‌ప్లాటిన్. బాగా పనిచేస్తుంది, కానీ చాలామంది పిల్లల్లో వినికిడిని శాశ్వతంగా దెబ్బతీస్తుంది. మొదట పోయేవి 'స', 'శ' లాంటి సన్నటి శబ్దాలు. పిలిస్తే పాప పలుకుతూనే ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. మాటలు నేర్చుకునే వయసులో ఆ నష్టం చిన్నది కాదు.

దీని మీద మంచి ఫలితాలే వచ్చాయి. సియోపెల్ 6 అనే ట్రయల్‌లో సిస్‌ప్లాటిన్ ఇచ్చిన 6 గంటల తర్వాత వినికిడిని కాపాడేందుకు సోడియం థయోసల్ఫేట్ అనే మందు ఎక్కించారు. అది ఇవ్వని పిల్లల్లో 63 శాతం మందికి వినికిడి లోపం వస్తే, ఇచ్చినవాళ్లలో 33 శాతం మందికే వచ్చింది. క్యాన్సర్ చికిత్స ఫలితం దెబ్బతినలేదు. 2018లో ఈ వివరాలు వెలువడ్డాయి. వ్యాధి ఇతర భాగాలకు పాకని, ముప్పు తక్కువగా ఉన్న పిల్లల్లో చేసిన అధ్యయనం ఇది. మీ పాప ఏ కోవలోకి వస్తుందో డాక్టర్నే అడగండి.

ఆ 33 శాతాన్ని కూడా గమనించండి. ముప్పు తగ్గింది కానీ పోలేదు. చికిత్స అయ్యాక కూడా ఏళ్ల తరబడి వినికిడి పరీక్షలు ఉంటాయి. లోపం వస్తే హియరింగ్ ఎయిడ్, స్పీచ్ థెరపీ కావాలి. పిల్లల చెవి పెరిగేకొద్దీ హియరింగ్ ఎయిడ్‌కు అమర్చే మోల్డ్‌ను మళ్లీ మళ్లీ మార్చాలి. ఇవి ఆస్పత్రి బిల్లులో కనిపించని ఖర్చులు. చాలా కుటుంబాలు చికిత్స కోసమే ఉన్నదంతా ఊడ్చేసి ఇక్కడికొచ్చేసరికి చేతులెత్తేస్తాయి. మీ ఎఫ్‌డీల్లో ఒక భాగాన్ని దీనికోసమే విడిగా ఉంచండి.

ఇక ట్రయల్ ఖర్చు. సాధారణంగా పరిశోధనలో ఉన్న మందు, దానికోసం అదనంగా చేసే పరీక్షల వరకు నిర్వాహకులు భరిస్తారు. ఆపరేషన్, బెడ్ చార్జీలు, మామూలు కీమో మీ మీదో ఇన్సూరెన్స్ మీదో పడవచ్చు. రాకపోకలు, ఆస్పత్రి దగ్గర బస సరేసరి. ఏది ఎవరు కడతారో వరుసగా రాసిమ్మని ట్రయల్ కోఆర్డినేటర్‌ని అడగండి. మందు వల్ల హాని జరిగితే చికిత్స ఖర్చు ఎవరిదో సమ్మతి పత్రంలో చూశాకే సంతకం పెట్టండి. మధ్యలో ఎప్పుడైనా ట్రయల్ నుంచి తప్పుకునే హక్కు మీకుంటుంది. మొహమాటపడకండి.

చాలా ఇన్సూరెన్స్ పాలసీల్లో ప్రయోగాత్మక చికిత్సకు కవరేజీ లేదనే షరతు ఉంటుంది. ట్రయల్‌లో చేరాక మామూలు చికిత్సకు క్లెయిమ్ ఇస్తారా లేదా అన్నది కంపెనీ నుంచి ముందే ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట రేపు నిలవదు.

ఉద్యోగం విషయంలో తొందరపడకండి. పాపకు ఉన్న కవర్ మీ ఆఫీసు గ్రూప్ పాలసీయే అయితే, రాజీనామాతో అదీ పోవచ్చు. ఈ వ్యాధి బయటపడ్డాక పాపకు కొత్త పాలసీ దొరకడం చాలా కష్టం. ముందు జీతం లేని సెలవు అడగండి, ఆ సెలవులో కవర్ కొనసాగుతుందో లేదో హెచ్‌ఆర్ చేత రాయించుకోండి. సొంత పాలసీ కూడా ఉంటే ఈ టెన్షన్‌లో ప్రీమియం తేదీ మర్చిపోకుండా ఇవాళే ఆటో డెబిట్ పెట్టేయండి.