మీ బండి, మీ డౌట్లు: ఎంజీబీ ఇంజను అరిగితే అన్నీ మార్చాలా?

ప్రశ్న: నా దగ్గర 1967 ఎంజీబీ రోడ్‌స్టర్ (బ్రిటిష్ ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు) ఉందండి, 1798 సీసీ ఇంజను. ఈ మధ్య ఐడ్లింగ్ నిలబడట్లేదు, ఒకసారి పెరుగుద్ది ఒకసారి తగ్గుద్ది, పొద్దున్నే స్టార్ట్ చేయగానే గుప్పుమని నీలం పొగ కొట్టి కాసేపటికి తగ్గిపోతోంది, వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ ముల్లు కూడా కిందకి దిగుతోంది. మెకానిక్ చూసి పిస్టన్లు, క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్టు), కామ్‌షాఫ్ట్ (వాల్వుల్ని తెరిపించే షాఫ్టు), కార్బురేటర్లు అన్నీ కొత్తవి వేసేద్దాం అంటున్నాడు. పాతవి బాగుచేసుకునే దారే లేదా?

జవాబు: ఎందుకు లేదండీ. ఒక్క నట్టు విప్పకుండా అన్నీ మార్చేద్దాం అన్నాడంటే కొలిచి చెప్పలేదు, గుండుగుత్తగా చెప్పాడు.

ముందు పొగ. స్టార్టింగ్‌లో మాత్రమే వస్తోందంటే నా అనుమానం వాల్వ్ గైడ్ల (వాల్వు కాడ జారే గొట్టాలు) మీద, రాత్రంతా ఆ సందుల్లోంచి ఆయిల్ జారి పొద్దున్నే కాలుతోంది, అదే రింగులు పోయుంటే లోడ్ మీద లాగేటప్పుడు కూడా కొట్టేది. కంప్రెషన్ టెస్ట్ చేయించండి, ఒకసారి మామూలుగా, ఇంకోసారి ప్లగ్ తీసిన రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి. రెండోసారి రీడింగ్ బాగా పెరిగితే రింగులో బోరో అరిగినట్టు, పెరక్కపోతే వాల్వులు చూడాలి. గైడ్లే అయితే హెడ్ ఒక్కటి దించితే సరిపోద్ది. ఎలాగూ దించారు కాబట్టి ఎగ్జాస్ట్ వైపు గట్టి సీట్లు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే చోట్లు) కూడా వేయించేయండి, ఇది సీసం కలిసిన పెట్రోలు రోజుల ఇంజను, ఆ సీసమే సీటుని కాపాడేది, ఇప్పుడది లేదు కాబట్టి వాల్వు మెల్లగా సీట్లోకి దిగబడిపోద్ది.

ఐడ్లింగ్‌కి వస్తే, జంట ఎస్‌యూ (కంపెనీ పేరు) కార్బురేటర్లని పారేద్దామన్నాడా! వాటిల్లో అరిగేది ఎక్కువగా థ్రాటిల్ స్పిండిల్ (గాలిదారి తెరిచి మూసే రేకుని తిప్పే కడ్డీ), అది తిరిగే రంధ్రం. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోలగా అయిపోయి పక్కనుంచి గాలి పీలుస్తుంటే మీరు మిక్చర్ స్క్రూ ఎన్నాళ్లు తిప్పినా దారికి రాదు. స్పిండిల్ పట్టుకుని పైకీ కిందకీ కదిపి చూడండి, లూజు చేతికే తెలిసిపోద్ది. రంధ్రాన్ని రీమ్ చేసి (గుండ్రంగా పెద్దది చేసి) బుష్ (లోపలి తొడుగు) వేయించి కొత్త స్పిండిల్ పెడితే అదే కార్బురేటర్ మళ్లీ కొత్తదానిలా పనిచేస్తది.

ఆయిల్ ప్రెషర్ అనగానే క్రాంక్ తీయించకండి. ముందు వేరే మంచి గేజ్ పెట్టి చూడండి, తర్వాత రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ప్రెషర్ వదిలేసేది), దాని స్ప్రింగ్. అప్పటికీ రన్నింగ్‌లో 50 పీఎస్‌ఐ దాటట్లేదంటే అప్పుడు బేరింగులు విప్పాలి. మీది 1964 చివర్లో వచ్చిన అయిదు బేరింగుల క్రాంక్, గట్టిది, మైక్రోమీటర్‌తో ప్రతి జర్నల్‌నీ (బేరింగులో తిరిగే భాగం) రెండు మూడు చోట్ల కొలిస్తే కోలగా అరిగిందో లేదో తేలిపోద్ది. అరిగుంటే 10 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు పది) గ్రైండ్ చేయించి దానికి తగ్గ అండర్‌సైజ్ బేరింగులు వేసుకోవచ్చు. గ్రైండింగ్ అయ్యాక క్రాంక్‌లో ఆయిల్ దారులన్నీ కడిగించారా లేదా దగ్గరుండి చూసుకోండి, లోపల ఇనప రజను మిగిలితే ఆ కొత్త బేరింగుల్ని అదే తినేస్తది, ఇది నా సొంత ఇంజను మీద నేర్చుకున్న పాఠం.

కామ్ ఒక్కటి మాత్రం లోబ్ (ఉబ్బెత్తు భాగం) అరిగుంటే మొహమాటపడకుండా మార్చేయండి, దాని మీద ఆనే టాపెట్లతో సహా. పాత టాపెట్లు కొత్త కామ్ మీద పెడితే ఆ కామ్ ఎన్నో రోజులు ఉండదు. మొదటిసారి స్టార్ట్ చేశాక ఐడ్లింగ్‌లో వదలకుండా 2000 ఆర్‌పీఎం దగ్గర ఓ 20 నిమిషాలు తిప్పాలి, జింక్ ఉన్న ఆయిల్ పోసి.

ప్రశ్న: నాదీ ఎంజీబీనే. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకు) పెట్టి టాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు) ఎన్నిసార్లు సెట్ చేసినా టకటక సౌండ్ పోవట్లేదు, ఏం చేయమంటారు?

జవాబు: రాకర్ మూతి చూడండి. వాల్వు తగిలే చోట గుంట పడుంటది, గేజ్ రేకు ఆ గుంటలోకి దిగకుండా పైపైనే ఆనుద్ది, దాంతో మీకు కరెక్ట్‌గా కనిపించే గ్యాప్ నిజానికి ఎక్కువుంటది. గుంట లోతు లేకపోతే గ్రైండ్ చేయించుకోవచ్చు. రాకర్ షాఫ్ట్ కూడా బయటికి తీసి అడుగు భాగం గోరుతో తడిమి చూడండి, మెట్టులా తగిలితే షాఫ్టూ బుష్‌లూ కలిపే మార్చండి.