క్లెప్ పరీక్షలు రాస్తే పోలీసు ఉద్యోగానికి జీపీఏ పెరుగుతుందా?

ప్రశ్న: మేం న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటాం. సొంతూరు గుంటూరు దగ్గర. బాబు ఇక్కడే పుట్టాడు, ఇరవై ఏళ్లు. స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాది. ఇప్పటిదాకా 40 క్రెడిట్లు అయ్యాయి, జీపీఏ (నాలుగుకు లెక్కగట్టే గ్రేడ్ల సగటు) 2.1. రెండు కోర్సుల్లో డి వచ్చింది. ఈ సెమిస్టర్‌లో 15 క్రెడిట్లకు రిజిస్టర్ అయ్యాడు కానీ నెల రోజులుగా క్లాసులకు వెళ్లడం లేదని పోయిన వారమే తెలిసింది. అడిగితే పోలీసునవుతా అంటున్నాడు. ముందు న్యూయార్క్ సిటీ పోలీసు, ఆ తర్వాత డీఈఏనో (మాదకద్రవ్యాల కేసులు చూసే ఫెడరల్ సంస్థ) ఎఫ్‌బీఐనో అట. వాళ్ల నాన్నగారు వాడితో మాటలు మానేశారు. గుడిలో తెలిసినాయన ఒకరు, "న్యూయార్క్ పోలీసుకు 60 క్రెడిట్లు ఉండాలి, మిగతా 20 క్లాసులకు వెళ్లకుండానే క్రెడిట్లు ఇచ్చే క్లెప్ పరీక్షలు రాసి, ఆన్‌లైన్ కోర్సులు చేసి మూడు నెలల్లో తెచ్చుకోవచ్చు, జీపీఏ కూడా పెరుగుతుంది" అన్నారు. ఇది నిజమేనా? లేక ఎలాగోలా నచ్చజెప్పి కంప్యూటర్ సైన్స్‌లోనే ఉంచమంటారా?

జవాబు: అమ్మా, గుడిలో ఆయన చెప్పిన రెండు మాటల్లో ఒకటి పాతబడింది, రెండోది తప్పు. వాటి సంగతికి వస్తాను. అంతకంటే ముందు ఈ వారంలోనే చక్కబెట్టాల్సిన పని ఒకటి ఉంది. మీరు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు.

క్లాసులకు వెళ్లడం లేదన్నారు. కాలేజీకి చెప్పి మానేశాడా, ఊరికే మానేశాడా? ఊరికే అయితే కాలేజీ రికార్డుల్లో అతను ఇంకా ఆ ఐదు కోర్సులూ చదువుతున్నట్టే. సెమిస్టర్ చివర్లో అన్నిటికీ ఎఫ్ పడుతుంది. ఒక్కో క్రెడిట్‌కి ఏ అయితే నాలుగు పాయింట్లు, బీకి మూడు, డికి ఒకటి. 40 క్రెడిట్లకు 2.1 అంటే మీ అబ్బాయి ఖాతాలో 84 పాయింట్లున్నాయి. ఎఫ్‌కి పాయింట్లేమీ రావు, కానీ ఆ 15 క్రెడిట్లూ భాగహారంలోకి వచ్చి కూర్చుంటాయి. 84ని 55తో భాగిస్తే 1.53. న్యూయార్క్ పోలీసు శాఖ అడిగే జీపీఏ 2.0. అంటే ఈరోజు అర్హత ఉన్న కుర్రాడు ఏ పనీ చేయకుండానే డిసెంబరుకో మే నెలకో అర్హత పోగొట్టుకుంటాడు.

గడువు తేదీలోపు కోర్సుల నుంచి విత్‌డ్రా అయితే ఎఫ్‌కి బదులు డబ్ల్యూ పడుతుంది. అది జీపీఏ లెక్కలోకి రాదు. గడువు ఒక్కో కాలేజీలో ఒక్కోలా ఉంటుంది, యూనివర్సిటీ అకడమిక్ క్యాలెండర్‌లో తేదీ చూసుకోవచ్చు. ఫెడరల్ గ్రాంటు గానీ లోను గానీ తీసుకుని ఉంటే, విత్‌డ్రా అయ్యే ముందు ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో ఒక మాట అడగాలి. సెమిస్టర్ 60 శాతం గడవకముందే అన్ని కోర్సులూ వదిలేస్తే అందులో కొంత వెనక్కి కట్టాల్సి రావచ్చు. ఐదూ వదలక్కర్లేదు కూడా. ఒకటి రెండు ఇంకా నిలబెట్టుకోగలిగినవి ఉంటే వాటిని ఉంచుకుని మిగతావి వదలమనండి. ఈ పని మీరు చేసిపెట్టేది కాదు, అతనే వెళ్లి అడ్వైజర్‌ని కలవాలి.

ఇక అరవై క్రెడిట్ల మాట. చాలా ఏళ్లు న్యూయార్క్ పోలీసు శాఖ నియమం అదే. 2025 ఫిబ్రవరిలో దాన్ని 24కి తగ్గించారు. గుర్తింపున్న కాలేజీ నుంచి 24 క్రెడిట్లు, 2.0 జీపీఏ ఉంటే చాలు. అది లేనివాళ్లకు రెండేళ్ల పూర్తికాలం సైనిక సేవ మరో దారి. పొరుగున ఉన్న పెన్సిల్వేనియా స్టేట్ పోలీసు శాఖ కూడా 2023లో 60 క్రెడిట్ల నియమాన్ని పక్కన పెట్టింది. కుర్రాళ్లు దొరక్క శాఖలు మెట్లు దిగుతున్న కాలమిది. అందుకని ఎవరో మూడేళ్ల కిందట విన్న సంగతి ఇప్పుడు పనికిరాదు. అప్లై చేసేనాటికి ఆ శాఖ సైటులో ఏముందో అదే లెక్క.

కాబట్టి న్యూయార్క్ వరకు మీ అబ్బాయికి క్లెప్పూ అక్కర్లేదు, ఇంకొకటీ అక్కర్లేదు. క్రెడిట్లున్నాయి, 2.1 ఉంది, అమెరికా పౌరుడు. ఉద్యోగంలో చేరేనాటికి 21 నిండాలి, అదీ దగ్గర్లోనే ఉంది. ఎడిసన్‌లో ఉన్నవాళ్లు చాలామంది మరిచిపోయే షరతు ఒకటుంది. చేరేనాటికి న్యూయార్క్ నగరంలో గానీ, నాసా, సఫక్, వెస్ట్‌చెస్టర్, రాక్‌లాండ్, ఆరెంజ్, పట్నం కౌంటీల్లో గానీ కాపురం ఉండాలి. న్యూజెర్సీ ఆ జాబితాలో లేదు. ఇంట్లోంచి ట్రైనెక్కి వెళ్లి డ్యూటీ చేసే ఉద్యోగం కాదని మీరూ, వాళ్ల నాన్నగారూ ముందే తెలుసుకుంటే మంచిది.

తప్పు అన్నది రెండో మాట, క్లెప్‌తో జీపీఏ పెరుగుతుందన్నది. మన తల్లిదండ్రుల్లో నూటికి తొంభై మంది ఇక్కడే పొరబడతారు. క్రెడిట్లు వేరు, గ్రేడ్లు వేరు. రెండూ ఒకే ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఉన్నా రెండు ఖాతాలు. క్లెప్ అనేది కాలేజ్ బోర్డు పెట్టే పరీక్ష, శాట్ పెట్టేవాళ్లే. 20 నుంచి 80 వరకు ఉండే స్కోరులో 50 వస్తే ఒప్పుకునే కాలేజీలు ఆ సబ్జెక్టుకు మూడు క్రెడిట్లో ఆరు క్రెడిట్లో ఇస్తాయి. ఫీజు వంద డాలర్లకు అటూ ఇటూ. మోడర్న్ స్టేట్స్ అనే సంస్థ పాఠాలు ఉచితంగా చెప్పి ఫీజుకి వోచరు కూడా ఇస్తుంది. డీఎస్ఎస్‌టీ అని ఇలాంటివే ఇంకొన్ని పరీక్షలున్నాయి, వాటిలో క్రిమినల్ జస్టిస్ సబ్జెక్టు కూడా ఉంది. ఇంతవరకూ అంతా బాగానే ఉంది. కానీ 50 వచ్చినా 78 వచ్చినా ట్రాన్‌స్క్రిప్ట్‌లో పడేది క్రెడిట్ మాత్రమే. ఏ, బీ అని గ్రేడు పడదు. గ్రేడు లేనిదే జీపీఏ కదలదు. ఇరవై క్రెడిట్లు క్లెప్‌తో తెచ్చుకున్నా 2.1 అలాగే ఉంటుంది.

కదలకపోగా ఒక్కోసారి నష్టం. ఎలాగో చూడండి. మీ అబ్బాయి డీఈఏ అన్నాడు కదా. అక్కడ స్పెషల్ ఏజెంటుకు డిగ్రీ దారిలో వెళ్లేవాళ్లకు కావాల్సింది 2.95 జీపీఏ. ఆ 2.95 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే నవ్వొస్తుంది. ఫెడరల్ ఉద్యోగాల నియమాల్లో జీపీఏని ఒక్క దశాంశానికి సవరిస్తారు. 2.95 అంటే 3.0, 2.94 అంటే 2.9. నూరో వంతు తేడాతో ఒకడు లోపల, ఒకడు బయట. డిగ్రీకి 120 క్రెడిట్లనుకుందాం. 2.95 రావాలంటే మొత్తం 354 పాయింట్లు. చేతిలో 84 ఉన్నాయి. మిగిలిన 80 క్రెడిట్లలో 270 సంపాదించాలి, అంటే సగటున 3.38. కష్టమే గానీ జరగనిదేం కాదు. ఇప్పుడు ఆ 80లో 30 క్రెడిట్లు క్లెప్‌తో కొట్టేశాడనుకోండి. గ్రేడు పడేవి 50 మాత్రమే మిగులుతాయి. పాత మచ్చ కడుక్కోవడానికి నీళ్లు తగ్గినట్టు. ఆ యాభైలో సగటున 3.63 తెస్తే తప్ప 2.95 రాదు. అందరూ సులువనుకునే దారే ఇక్కడ కొండెక్కిస్తుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. బోర్డర్ పెట్రోల్ (సరిహద్దు గస్తీ) లాంటి ఫెడరల్ కొలువుల్లో ఉద్యోగ అనుభవం లేని గ్రాడ్యుయేటు ఐదో గ్రేడు జీతంతో కాకుండా ఏడో గ్రేడుతో చేరాలంటే "సుపీరియర్ అకడమిక్ అచీవ్‌మెంట్" చూపించాలి. 3.0 జీపీఏ అందులో ఒక పద్ధతి. కానీ మొత్తం చదువులో పది శాతానికి మించి గ్రేడు లేని పాస్-ఫెయిల్ పద్ధతిలో చేసి ఉంటే జీపీఏ చూపించే వీలుండదు. క్లాసులో పై మూడో వంతులో ఉన్నాననో, హానర్ సొసైటీ సభ్యుణ్ననో నిరూపించుకోవాలి. 120లో పది శాతమంటే 12 క్రెడిట్లు. అందుకే ఫెడరల్ ఆశ ఉన్న పిల్లలకు గ్రేడు లేని క్రెడిట్లు, అవి ఎక్కడివైనా సరే, నాలుగు కోర్సుల దగ్గర ఆపమని చెబుతాను. అదే నియమంలో మీ అబ్బాయికి కలిసొచ్చేది కూడా ఉంది. ఆ 3.0ని నాలుగేళ్ల మీద చూపించక్కర్లేదు, చివరి రెండేళ్ల కోర్సుల మీద లెక్కగట్టి చూపించినా చెల్లుతుంది. కంప్యూటర్ సైన్స్‌లో పడిన డిలు ఆ లెక్కలోకి రావు.

జీపీఏ నిజంగా పెంచేవి రెండే. ఒకటి, ఆ రెండు డి కోర్సులనూ అదే యూనివర్సిటీలో మళ్లీ చదవడం. చాలా చోట్ల గ్రేడ్ రీప్లేస్‌మెంట్ పద్ధతి ఉంటుంది, కొత్త గ్రేడే లెక్కలోకి వస్తుంది. అవి నాలుగేసి క్రెడిట్ల కోర్సులై, రెంటిలోనూ బీ తెచ్చుకుంటే 84 కాస్తా 100 అవుతుంది, 2.1 కాస్తా 2.5 అవుతుంది. అప్పుడు 2.95కి మిగతా 80 క్రెడిట్లలో కావాల్సింది 3.18. ఎన్ని కోర్సులకు ఈ అవకాశం ఇస్తారో రిజిస్ట్రార్‌ని అడగాలి. పాత డి ట్రాన్‌స్క్రిప్ట్ మీద కనబడుతూనే ఉండొచ్చు, కానీ సగటులో లేకపోతే చాలు. రెండోది, తనకు నచ్చిన సబ్జెక్టులో గ్రేడు పడే కోర్సులు చేయడం. అవే కోర్సులు మీ ఊళ్లోని కమ్యూనిటీ కాలేజీ మిడిల్‌సెక్స్‌లో చవగ్గా చేసి తెచ్చుకోవచ్చు కదా అంటారు. చేయొచ్చు, కానీ చాలా యూనివర్సిటీలు బయటి కాలేజీ క్రెడిట్లను తీసుకుంటాయి, గ్రేడును మాత్రం తమ జీపీఏలో కలపవు. ఏ ఖాతా నింపాలో తెలుసుకుని అక్కడ డబ్బు పెట్టండి.

మరి ఆ ఆన్‌లైన్ కోర్సులు? సోఫియా, స్టడీ డాట్ కామ్ లాంటివి కాలేజీలు కావు. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ వాళ్లు వాటికి ఇన్ని క్రెడిట్లు ఇవ్వొచ్చని సిఫార్సు చేస్తారు, ఇవ్వాలా వద్దా అన్నది కాలేజీ ఇష్టం. పోలీసు శాఖ అడిగేది గుర్తింపున్న కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్. క్లెప్ స్కోరు షీటో, వెబ్‌సైటు సర్టిఫికెట్టో పట్టుకెళ్తే పక్కన పెడతారు. అవి ముందు ఒక కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లోకి ఎక్కాలి. ఈ తరహా క్రెడిట్లను విరివిగా తీసుకునే ప్రభుత్వ యూనివర్సిటీ మీ రాష్ట్రంలోనే ట్రెంటన్‌లో ఉంది, థామస్ ఎడిసన్ స్టేట్ యూనివర్సిటీ. ఉద్యోగం చేస్తూ డిగ్రీ పూర్తి చేసే పెద్దవాళ్ల కోసం పెట్టినది. మీ అబ్బాయి న్యూయార్క్‌లో చేరాక డిగ్రీ ముగించాలనుకుంటే అప్పుడు పనికొస్తుంది. క్లెప్ రాయాలని మరీ సరదాగా ఉంటే స్పానిష్ రాయమనండి, రోడ్డు మీద డ్యూటీలో రోజూ ఉపయోగపడే భాష. తెలుగు ఆ జాబితాలో లేదు. ఉంటే మనవాళ్లందరికీ తేరగా క్రెడిట్లు వచ్చేవి.

కంప్యూటర్ సైన్స్‌లో ఉంచమంటారా అని అడిగారు. నేనైతే ఉంచను. నెల రోజులు క్లాసులకు వెళ్లనివాణ్ని ఇంకో రెండున్నరేళ్లు అదే బల్ల మీద కూర్చోబెడితే మూడో డి వస్తుంది, నాలుగోదీ వస్తుంది. అలాగని డిగ్రీ వదిలేయమనీ అనను. ఎఫ్‌బీఐకి వెళ్లే దారి డిగ్రీ మీదుగానే, డీఈఏకి కూడా డిగ్రీ ఒక దారి. ఎఫ్‌బీఐ స్పెషల్ ఏజెంటుకు 23 ఏళ్లు నిండాలి, డిగ్రీ తర్వాత రెండేళ్ల పూర్తికాలం ఉద్యోగమూ చూస్తారు, 37 రాకముందే చేరాలి. అంటే తొందరేం లేదు. అతను క్రిమినల్ జస్టిసే చదవాలని కూడా లేదు. అకౌంటింగ్ తీసుకున్న ఏజెంట్లకు అక్కడ ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. ఇప్పటికే చేసిన కంప్యూటర్ కోర్సులు సైబర్ నేరాల వైపు అక్కరకొస్తాయి. మేజర్ (ప్రధాన సబ్జెక్టు) మార్చుకుని, రెండు కోర్సులు మళ్లీ చదివి, న్యూయార్క్ పరీక్ష పక్కన రాసి పెట్టుకోమనండి. పరీక్ష రాసిన మర్నాడే పిలుపు రాదు, వరుసలో పేరు వచ్చేసరికి నెలలు పడుతుంది.

వాళ్ల నాన్నగారికి ఒక్క మాట. గుంటూరులో మేనల్లుడు ఎస్సై అయితే ఊరంతా స్వీట్లు పంచుతాం. ఇక్కడ సొంత కొడుకు అదే అవుతానంటే గుడిలో ఎవరికి ఎలా చెప్పాలని టెన్షన్ పడతాం. ప్రాణభయం అయితే అది వేరే మాట, దాని గురించి కొడుకుతో కూర్చుని మాట్లాడాలి. మాటలు మానేస్తే ఆ సంభాషణ జరగదు.

పోలీసు ఉద్యోగాల్లో నియామకానికి ముందు బ్యాక్‌గ్రౌండ్ విచారణ ఉంటుంది. చదివిన ప్రతి కాలేజీ పేరూ రాయాలి. ఒక్క సెమిస్టర్ వెలగబెట్టి వదిలేసిన చోటు కూడా. జీపీఏ తక్కువని దాచిపెట్టిన కాలేజీ బయటపడితే జీపీఏ వల్ల కాదు, దాచినందుకు పోతుంది ఉద్యోగం. ఆన్‌లైన్ కోర్సు స్నేహితుడితో చేయించినా అంతే. గంజాయి న్యూజెర్సీలో చట్టబద్ధమే అయినా ఫెడరల్ చట్టంలో కాదు. దరఖాస్తుకు ముందు ఏడాదిలో వాడినవాళ్లను ఎఫ్‌బీఐ తీసుకోదు. ఈ ప్రశ్న మీరు అడగండి, నాన్నగారు అడిగితే నిజం చెప్పకపోవచ్చు. విచారణ అధికారి ఇరుగుపొరుగునీ, ఇంట్లోవాళ్లనూ అడగొచ్చు. ఈ సెమిస్టర్ గురించి అడిగితే కప్పిపుచ్చవద్దు. "ఒక నెల క్లాసులు ఎగ్గొట్టాడు, తర్వాత తనే వెళ్లి విత్‌డ్రా అయ్యాడు" అని చెప్పండి. అలా చెప్పాలంటే గడువు లోపల అతను వెళ్లి ఆ పని చేసి ఉండాలి.