పాత కార్బురేటర్ కారులో తడబాటు, ఐడిలింగ్‌లో వణుకు: కారణం ఎలా తెలుసుకోవాలి?

ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నడుస్తున్నప్పుడు, ఇంజిన్ వణకడం, యాక్సిలరేటర్ తొక్కగానే క్షణంపాటు తడబడటం కలిసి కనిపిస్తే, కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) విప్పకముందే స్పార్క్ ప్లగ్గులు, పాయింట్ల (స్పార్క్ కోసం కరెంటును తెంచి కలిపే స్విచ్) గ్యాప్, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) సరిచూసుకోవాలి. కార్బురేటర్ మీద పడే నిందల్లో చాలా భాగం నిజానికి ఇగ్నిషన్‌కు, అంటే స్పార్క్ ఇచ్చే వ్యవస్థకు, చెందవలసినవే.

అవి బాగుంటే, ఇంజిన్ ఆపి, చల్లారాక ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బురేటర్ గొంతులోకి కాస్త దూరం నుంచి చూస్తూ థ్రాటిల్‌ను (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే రేకును) చేత్తో తెరవండి. వెంటనే పెట్రోలు సన్నని ధారగా చిమ్మాలి. ఆలస్యమైనా, చుక్కలుగా కారినా యాక్సిలరేటర్ పంపు (తొక్కగానే అదనపు పెట్రోలు చిమ్మే చిన్న పంపు) డయాఫ్రమ్, అంటే లోపలి పొర, పాడయిందనో, దాని జెట్ (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం) పూడుకుందనో అనుమానించాలి.

వణుకు సంగతి వేరు. వేడెక్కిన ఇంజిన్ చోక్‌ను (లోపలికి వెళ్లే గాలిని తగ్గించే రేకును) కొద్దిగా మూయగానే నిలకడగా నడిస్తే, మిశ్రమంలో గాలి ఎక్కువవుతున్నట్టే. పగిలిన వాక్యూమ్ గొట్టాలు, కార్బురేటర్ కింది గాస్కెట్, ఐడిల్ జెట్ (ఐడిలింగ్‌లో పెట్రోలు అందించే రంధ్రం) వరుసగా చూడాలి. గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే మిక్స్చర్ స్క్రూ జోలికి ఆ తరువాతే వెళ్లాలి.